హీరో వెనకాల రోడ్డు

గత ఆదివారం మా ఇంట్లో ‘గీతాంజలి’ ఆడింది. క్యూ లేదు, టికెట్టు లేదు, బ్లాకులో కొనే బాధ అసలే లేదు. మా మేనకోడలు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూచుంది. పక్కన మా చెల్లెలు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను వాళ్ల వెనకాల ఎత్తు కుర్చీలో. అంటే ఒకప్పుడు నేల టికెట్టు కొన్న మీ వాడు ఇన్నాళ్లకి బాల్కనీ ఎక్కాడన్న మాట!

1989 నాటి చిత్రం అది. మణిరత్నం గారి దర్శకత్వం, ఇళయరాజా గారి బాణీలు, పి.సి. శ్రీరామ్ గారి కెమెరా. నాగార్జున అప్పటికింకా కుర్రాడు. ఊటీ చెట్ల మధ్య నుంచి పొగమంచు అలా పాకుతూ వస్తుంటే, ఫ్యాను కట్టేసి దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది.

ఉన్నట్టుండి మేనకోడలు బొమ్మ ఆపేసింది. మా రోజుల్లో బొమ్మ ఆగిందంటే కరెంటన్నా పోయినట్టు, రీలన్నా తెగినట్టు. వెంటనే హాలంతా ఈలలే! ఇప్పుడు పిల్లలే వేలితో ఆపేస్తున్నారు. ఈల ఎవరి మీద వెయ్యాలో తెలీదు.

“మామయ్యా, ఇది నిజంగా ఊటీయేనా?”

“కాకపోతే సెట్టింగనుకున్నావా?”

“మొన్న వేసవిలో మేం ఫ్రెండ్సందరం వెళ్లాం కదా. చేరింగ్ క్రాస్ దగ్గర గంటసేపు కారులోనే కూచున్నాం. ముందు కారు వెనక అద్దం తప్ప నాకేం కనపళ్లేదు. ఈ ఖాళీ రోడ్డు ఎక్కడిది?”

“నువ్వు పుట్టకముందు ఊటీ అమ్మా అది.”

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. “బాగుంది. ఊటీ అప్పుడెలా ఉండేదో చూడాలంటే సినిమా పెట్టుకుంటే సరి. మరి మన మియాపూర్ అప్పుడెలా ఉండేదో చూడాలంటే ఏ సినిమా పెట్టుకోవాలి?”

ఏ పాట ఎక్కడ తీశారు, ఏ బొమ్మ ఎక్కడ రజతోత్సవం చేసుకుంది అని మీరు ఉత్తరాల్లో అడిగితే తడుముకోకుండా జవాబు రాసే వాణ్ణి నేను. ఆ పిల్ల అడిగినదానికి మాత్రం నోట మాట రాలేదు. చెల్లెలు చిక్కుడుకాయల్లోంచి తలెత్తకుండానే అంది: “మన రోడ్డుకి ఆ యోగం ఎక్కడ పట్టిందే? దాన్నెవరు తీస్తారు?”

అదండీ సంగతి. ఈ వారం ముచ్చట ఆ రోడ్డు గురించే.

* * *

ముందు ఊటీ సంగతి తేల్చేద్దాం. మన చిత్ర పరిశ్రమ చాలాకాలం మద్రాసులో కాపురం ఉందని మీకు తెలుసు. మద్రాసులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి మేట్టుపాళయంలో దిగొచ్చు. అక్కణ్ణుంచి కొండెక్కడమే! మే నెలలో మద్రాసు ఎండకి మేకప్పు కారిపోతుంటే, ఊటీలో హీరోయిన్‌కి స్వెట్టరు తొడగొచ్చు. ఏ నిర్మాత కాదంటాడు?

ఆ కొండ రైలుకీ సినిమాకీ కూడా పాత స్నేహమే. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో పట్టాలు వేశారు. 1908లో అది ఊటీ చేరింది. పట్టాల మధ్య పళ్ల కమ్మీ ఉంటుంది, దాన్ని పట్టుకుని రైలు పైకెక్కుతుంది. 2005లో యునెస్కో వారు దాన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. 1982లో తమిళంలో వచ్చి, మనకి ‘వసంత కోకిల’గా అందిన చిత్రం గుర్తుందా? చివర్లో కమల్‌హాసన్ చేసే పిల్లిమొగ్గలూ, రైల్లో కూచున్న శ్రీదేవి అతణ్ణి గుర్తుపట్టకపోవడమూ... ఆ స్టేషను ఆ లైను మీదిదే. కేత్తి అంటారు.

ఇంకో విశేషం. సినిమా తీసే వాళ్లు ఊటీ వెళ్లడమే కాదు, ఫిల్ము కూడా ఊటీలో తయారయ్యేది! 1960లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కార్ఖానా అక్కడే ఉండేది. ‘ఇందు’ అనే పేరుతో నలుపు తెలుపు ఫిల్మూ, ఆస్పత్రులకి ఎక్స్‌రే ఫిల్మూ అక్కడ చేసేవారు. తర్వాత రంగుల ఫిల్ము వచ్చింది, ఆ తర్వాత ఫిల్మే అక్కర్లేని కెమెరాలొచ్చాయి. కార్ఖానా మూతపడింది.

ఊటీ పెద్ద బజారు కమర్షియల్ రోడ్డు. చాక్లెట్లు, నీలగిరి తైలం, కరకరలాడే వర్కీ బిస్కెట్లు. ఇప్పుడూ ఇవే అమ్ముతారు గానీ, కొనడానికి వచ్చే జనం ఎన్ని రెట్లు పెరిగారో, వాళ్ల కార్లు ఎన్ని రెట్లు పెరిగాయో! చివరికి మద్రాసు హైకోర్టు కల్పించుకోవలసి వచ్చింది. 2024 మే 7 నుంచి బయటి ఊళ్ల బండి కొండెక్కాలంటే ముందుగా ఈ-పాసు తీసుకోవాలన్నారు. ఒకప్పుడు హీరో హీరోయిన్లు చేతులు పట్టుకుని పరుగెత్తిన ఊరికి వెళ్లాలంటే ఇప్పుడు పాసు!

అయినా ఊటీకి బెంగ లేదు. పోయిందంతా ఎక్కడో ఒక రీలులో ఉంది. హీరో పాట పాడుతుంటాడు, ఆయన భుజం వెనకాల ఒక చర్చి, ఒక జట్కా, ఒక దుకాణం బోర్డు. దర్శకుడు వాటిని కావాలని తియ్యలేదు, అడ్డం వచ్చాయి గనుక పడ్డాయి. అలా అడ్డం వచ్చినవే ఇవాళ చరిత్ర అయ్యాయి.

మరి మా రోడ్డుకి అడ్డం రావడానికి కూడా ఛాన్సు దొరకలేదు!

* * *

మా రోడ్డంటే ఏదో సందు కాదండోయ్. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే జాతీయ రహదారి. అప్పట్లో దాని నంబరు 9, 2010లో నంబర్లు మార్చినప్పుడు 65 అయింది. ఆ నంబర్లు మాకెవరికీ పట్టలేదు. మాకది బొంబాయి రోడ్డు. 1995లో ఆ ఊరు ముంబయి అయ్యాక కూడా చాలా రోజులు బొంబాయి రోడ్డే.

1984లో మా నాన్నగారికి ఆ రోడ్డు మీది ఒక కార్ఖానాలో ఉద్యోగం రావడంతో మియాపూర్ చౌరస్తాకి దగ్గర్లో అద్దెకి దిగాం. నాకప్పుడు పద్నాలుగేళ్లు. సన్న రోడ్డు, రెండు వైపులా వేపచెట్లు, చింతచెట్లు. అసలు ఊరు రోడ్డుకి లోపలగా ఉండేది, చెరువు దగ్గర. రోడ్డు మీద ఉన్నవల్లా ఒక సైకిలు షాపు, ఒక కిరాణా కొట్టు, వేపచెట్టు కింద రేకుల కప్పుతో ఒక చాయ్ హోటలు. చీకటి పడితే వెలుతురు బొంబాయి లారీలదే. లారీ వస్తే రోడ్డు కనపడేది, వెళ్లిపోతే రోడ్డు కూడా దాంతోపాటే వెళ్లిపోయేది.

సిటీలో ఆటో ఎక్కి “మియాపూర్” అనండి, అప్పటి డ్రైవరు మిమ్మల్ని ఎగాదిగా చూసి, “మియాపూరా? అక్కడ నుంచి వాపసు ఎవరొస్తరు?” అని బండి తిప్పుకుని పోయేవాడు.

ఆ హోటలు యజమాని ముసలాయన. మేం చాచా అనే వాళ్లం. గళ్ల లుంగీ, తెల్ల గడ్డం, భుజం మీద తువ్వాలు. ఆయన చాయ్ గురించి చెప్పను, ఊరుతుంది. ఆయన చెప్పే కథల గురించి చెప్తాను.

సినిమా చూడాలంటే మేం బస్సెక్కి సిటీకి పోవాలి. సాయంత్రం ఆట తొమ్మిదిన్నరకి వదిలేవారు. మా వైపు ఆఖరి బస్సు అందాలంటే తొమ్మిదింటికే హాల్లోంచి లేవాలి. విలన్ హీరోయిన్‌ని కట్టేశాడు, హీరో బయల్దేరాడు... మేమూ బయల్దేరాం! ఆయన డెన్నుకి, మేం బస్‌స్టాపుకి. అలా నేను చూసిన సగం సినిమాలకి క్లైమాక్సులు లేవు. 1989 అక్టోబరులో ‘శివ’ వచ్చినప్పుడు, తలుపు దగ్గర నుంచుని పరదా సందులోంచి చూస్తూ చూస్తూ ఇంక ఆగలేక పరుగెత్తాను. సైకిలు చైను చూశాను గానీ, భవానీ ఏమయ్యాడో చూళ్లేదు.

మియాపూర్‌లో దిగేసరికి చాచా హోటల్లో కిరసనాయిలు దీపం. “క్యా బేటా, ఎక్కడిదాక చూసినవ్?” అనే వాడు. నేను చెప్పేవాణ్ణి. అక్కణ్ణుంచి ఆయన అందుకునేవాడు. చాచా జన్మలో సినిమా హాలు మొహం చూసిన మనిషి కాదు. బొంబాయి నుంచీ, షోలాపూర్ నుంచీ, బెజవాడ నుంచీ వచ్చే లారీ వాళ్లు చాయ్ తాగుతూ చెప్పిన కథలన్నీ ఆయన బుర్రలో నిలవ ఉండేవి. వాటిల్లోంచి మిగతా సగం తీసి నాకు చెప్పేవాడు. ఒక్కటే చిక్కు. చెప్పిన వాళ్లంతా లారీ వాళ్లు గనుక ఆయన చెప్పే ప్రతి క్లైమాక్సులోనూ ఒక లారీ ఉండేది. పౌరాణికంలో తప్ప!

తర్వాత ఎప్పుడో అసలు క్లైమాక్సులు చూశాను. నిజం చెప్పొద్దూ, కొన్నింటిలో చాచాదే బాగుంది.

* * *

రోడ్డు ఒక్కరోజులో మారలేదు. సినిమాలో లాగా క్యాలెండరు కాగితాలు ఎగిరిపోయి, కుర్రాడు పెద్దవాడైపోలేదు.

మా కంటే ముందు కార్ఖానాలొచ్చాయి. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్ వైపు సోవియట్ సాయంతో కట్టిన మందుల కార్ఖానా ఐడీపీఎల్. 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ వచ్చింది. జొన్న, కంది, శనగ, వేరుశనగ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ. కార్ఖానాలొస్తే మనుషులొస్తారు, మనుషులొస్తే కాలనీలు కావాలి. కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు వాళ్ల కాలనీ లేచింది, ఆసియాలోకెల్లా పెద్దదని జనం గొప్పగా చెప్పుకునేవారు. జేఎన్‌టీయూ వచ్చింది. అయినా ఆ సందడి మియాపూర్‌కి కాస్త ఇవతలే ఆగిపోయేది.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు ప్రారంభించారు. గుండ్రటి భవనం, చుట్టూ రాళ్లగుట్టలు. ఆ ఫోటో పేపర్లో చూసి, “ఇదేదో సైన్సు సినిమా సెట్టింగులా ఉందిరా” అన్నాను. అక్కడ ఉద్యోగం చేసే పిల్లలకి ఇళ్లు కావాలి కదా. మాదాపూర్‌లో అద్దెలు అందవు, మియాపూర్‌లో అందుతాయి. అంతే! పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్టుమెంట్లయ్యాయి. 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలై, పక్కనున్న హఫీజ్‌పేట స్టేషనుకి రద్దీ వచ్చింది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘంతోపాటు మేమూ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయాం. పల్లెటూరి కుర్రాడు ఇంటర్వెల్ తర్వాత సూటు వేసుకుని వచ్చినట్టు!

ఇక అసలు హీరో ఎంట్రీ 2017 నవంబరు 28న. హైదరాబాద్ మెట్రోని ప్రధాని మోదీ గారు ప్రారంభించింది ఎక్కడనుకున్నారు? మా మియాపూర్‌లోనే! మర్నాటి నుంచి జనం ఎక్కారు. మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా మొత్తం 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. మరుసటేడు సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా కూడా తెరిచారు. ఒకప్పుడు ఆటోవాడు రానన్న ఊరి పేరు ఇవాళ రైలు నుదుటి మీద వెలుగుతోంది. ఎల్బీనగర్లో నుంచున్న వాడు కూడా తలెత్తి “మియాపూర్” అని చదవాల్సిందే.

రోడ్డుకి నెత్తిన వంతెన వచ్చింది, నడుమన స్తంభాలొచ్చాయి. చిరునామాలు కూడా మారిపోయాయి. ఇదివరకు “వేపచెట్టు దాటాక రెండో ఇల్లు” అనే వాళ్లం, ఇప్పుడు “ఫలానా నంబరు పిల్లర్ ఎదురుగా” అంటున్నాం. సంక్రాంతి ముందు రోజుల్లో వచ్చి చూడండి. బెజవాడ, రాజమండ్రి, భీమవరం, కడప... ఏ ఊరి బస్సు కావాలన్నా సంచులు పట్టుకుని మియాపూర్ రోడ్డు వారన నుంచున్న జనమే. బొంబాయి పోయే వాళ్లకి చాయ్ కోసం ఆగే చోటుగా మొదలైన ఊరు, లక్షల మందికి ఇల్లయింది. అందులో చాలామందికి “సొంతూరు” మాత్రం ఇంకోటి ఉంది. పండక్కి తలుపు తాళం వేసి అక్కడికి పోతారు.

ఈ రోడ్డున బొమ్మ వేసే హాళ్లూ మారాయి. కూకట్‌పల్లిలో భ్రమరాంబ, మల్లికార్జున జంట హాళ్ల ముందు మేం ఎంత హడావిడి చేసే వాళ్లమో! కేపీహెచ్‌బీ కాలనీలోని శివపార్వతి 2022 జనవరిలో మంటల్లో కాలిపోయినప్పుడు, నాకు ఎవరో తెలిసిన మనిషి పోయినట్టే అనిపించింది. ఇప్పుడన్నీ మాల్స్‌లో తెరలు. 2018 చివర్లో మహేశ్‌బాబు గారు భాగస్వామిగా గచ్చిబౌలి వైపు ఏఎంబీ తెరిచారు. కుర్చీ మెత్తన, చలువ గది, శబ్దం గుండెల్లో కొడుతుంది. బాగుంటుంది, కాదనను. కానీ ఈల వేస్తే పక్కవాళ్లు అదోలా చూస్తున్నారు.

* * *

ఇక చాచా హోటలు సంగతి. రోడ్డు వెడల్పు చేసే రోజుల్లో నేను పత్రిక పని మీద ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాను. ఒకసారి తిరిగొచ్చేసరికి చెట్టు లేదు. రేకుల కప్పు లేదు. సైకిలు షాపు వాణ్ణి అడుగుదామంటే సైకిలు షాపూ లేదు. కిరాణా కొట్టాయన, “ముసలాయన కొడుకు దగ్గరికి పోయిండట” అన్నాడు. ఎక్కడికో ఆయనకీ తెలీదు.

అప్పుడు తట్టింది నాకు. అయిదారేళ్లు ఆయన చేతి చాయ్ తాగాను, ఆయన నోట వందల క్లైమాక్సులు విన్నాను, ఆయన పేరేమిటో అడగలేదు. ఒక్క ఫోటో లేదు. నా దగ్గర సినిమా తారల ఫోటోలు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి!

ఆదివారం ఈ మాటే మేనకోడలితో అంటూ కాస్త భావుకత్వంలోకి జారాను. చెట్లు పోయాయన్నాను, వెన్నెల పోయిందన్నాను, 2020లో మార్చి 22 నుంచి సెప్టెంబరు 7 దాకా మెట్రో ఆగిపోయినప్పుడు ఈ రోడ్డు మళ్లీ నా చిన్నప్పటిలా కనిపించిందన్నాను. అవి ఎంత భయంకరమైన రోజులో తెలిసీ, ఒక రాత్రి బాల్కనీలో నుంచుని ఆ నిశ్శబ్దం చూసి సంతోషించానని కూడా ఒప్పుకున్నాను.

చెల్లెలు చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది.

“నీకు చెట్టు పోయింది అన్నయ్యా. నాకు కాలేజీ పోయింది.”

గదిలో ఎవరం మాట్లాడలేదు.

నేను మర్చిపోయిన రీలు అది. 1991లో దానికి సిటీలో ఆడపిల్లల కాలేజీలో బీయస్సీ సీటొచ్చింది. మార్కుల మీద వచ్చిన సీటు. ప్రాక్టికల్సు అయ్యేసరికి అయిదు. రెండు బస్సులు మారి మియాపూర్‌లో దిగేసరికి చీకటి. దీపం లేని రోడ్డు మీద ఆడపిల్ల. నాన్నగారు స్టాపు దగ్గరికి ఎదురెళ్లేవారు. షిఫ్టు ఉన్న రోజు నేను వెళ్లాలి. ఒక రోజు నేను వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో తెలుసా? సినిమాకి వెళ్లాను. ఎవరో ఇద్దరు సైకిళ్ల మీద దాని వెంటపడ్డారు. అది పరుగెత్తి చాచా హోటల్లో దూరింది. చాచా లాంతరు పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టి వెళ్లాడు. మర్నాటి నుంచి దాని కాలేజీ బందు. నాన్నగారు మంచివారే, కానీ భయపడ్డారు. తర్వాత పెళ్లయ్యాక అది సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరి, ఇంట్లో చదువుకుని బీఏ పాసయింది. సైన్సు మాత్రం దక్కలేదు.

“ఇది రోజూ అమీర్‌పేట వెళ్లొస్తుంది,” అని కూతుర్ని చూపించింది చెల్లెలు. “మెట్రో ఎక్కితే అరగంట. రాత్రి తొమ్మిదింటికి దిగినా స్టేషను కింద పగల్లా ఉంటుంది. దీపాలు, దుకాణాలు, మనుషులు. ఆ వంతెన ఎంత వికారంగా ఉందో నువ్వు రాసుకో, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం దాన్ని చూసినప్పుడల్లా, ఇరవై అయిదేళ్లు ఆలస్యంగా వచ్చావే అనుకుంటాను.”

సినిమాల మీద ఇంత రాసిన నేను ఈ మాట రాయలేకపోయాను చూడండి. మనకి నచ్చిన వీధి ఫోటో ఒకటి గుండెల్లో పెట్టుకుంటాం, అందులో మనకి అడ్డం వచ్చిన వాళ్లని కత్తిరించేస్తాం. నా మియాపూర్ బొమ్మలో వేపచెట్టు ఉంది, లాంతరు ఉంది, చాచా ఉన్నాడు. ఆ లాంతరు ఎవరికోసం వెలిగిందో అది మాత్రం ఫ్రేములో లేదు.

* * *

అమీర్‌పేట అంటే గుర్తొచ్చింది. అక్కడి సారథి స్టూడియోలో తీసిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైంది. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు చిత్రమది. ఆ స్టూడియో నుంచి మా చౌరస్తా పదిహేను కిలోమీటర్లయినా లేదు. కెమెరాలు వందల కిలోమీటర్లు పోయి ఊటీ కొండెక్కాయి గానీ, ఇటు పదిహేను కిలోమీటర్లు రాలేదు. వాళ్ల తప్పని అనను. మా దగ్గర ఏముంది గనుక? లారీలు, దుమ్ము, రేకుల హోటలు. తెర మీద చూడ్డానికి డబ్బిచ్చేది ఎవరు?

అందుకే పాఠకులకి ఈ వారం రెండు పనులు పెడుతున్నాను. పరీక్షలున్న వాళ్లకి మినహాయింపు!

మొదటిది. ఈసారి పాత సినిమా చూసేటప్పుడు ఒక్క పాటలో హీరోని వదిలేసి, ఆయన వెనకాల చూడండి. దుకాణాల బోర్డులు, బస్సులు, అరుగుల మీద కూచున్న జనం. మీ ఊరో, పక్క ఊరో కనపడితే ఏ చిత్రంలో, ఏ సీనులో ఉందో నాకు రాయండి.

రెండోది. మీ అందరి చేతుల్లోనూ కెమెరాలున్నాయి. మా కాలంలో అది నిర్మాతకే ఉండేది. ఊటీ వెళ్లి మొహాలు తీసుకోండి, వద్దనను. కానీ ఒక సాయంత్రం మీ సొంత వీధి తియ్యండి. మీరు రోజూ చాయ్ తాగే బండి, ఇస్త్రీ పెట్టె, కర్రీ పాయింటు, రాత్రి పూట అమ్మాయిలు నడిచొచ్చే దారి. అక్కడ దీపం ఉందో లేదో అదీ తియ్యండి. ఫోటోలో ఉన్న మనిషి పేరు అడిగి రాసుకోండి. నాలా తర్వాత ఏడవకండి. మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా మెట్రో పొడిగించాలన్న ప్రతిపాదన ఉంది. అది నిజమైతే ఆ దారిలో ఏ చెట్టు, ఏ హోటలు ఉందో ఇప్పుడే తీసిపెట్టుకోవాలి.

మేనకోడలు మొదలెట్టేసింది. ఆ సాయంత్రమే మమ్మల్నిద్దర్నీ చౌరస్తాకి లాక్కెళ్లింది. చాచా హోటలు ఏ పిల్లరు దగ్గర ఉండేదో నేనొకటి చూపించాను, చెల్లెలు ఇంకోటి చూపించింది. చివరికి రెంటి దగ్గరా నుంచోబెట్టి ఫోటో తీసింది. నెత్తిన రైలు పోతోంది, వెనకాల చీరల దుకాణం, పక్కన మొక్కజొన్న కండెలు కాల్చే ఆవిడ. “కాస్త పక్కకి జరగమందామా?” అన్నాను అలవాటు కొద్దీ.

“ఆవిడ ఉండాలి మామయ్యా,” అంది పిల్ల. వెళ్లి ఆవిడ పేరు అడిగి రాసుకుంది కూడా.

ఇంటికొచ్చి మిగతా ‘గీతాంజలి’ చూశాం. చివర్లో మేనకోడలు కళ్లు తుడుచుకుంటూ, “తర్వాత వాళ్లు బతుకుతారా?” అంది. ఈ ప్రశ్నే 1989లో నేను చాచాని అడిగాను. అప్పుడూ చివరి రీలు చూడకుండానే బస్సెక్కాను మరి.

చాచా గ్లాసులో చాయ్ పోస్తూ చాలాసేపు ఆలోచించి చెప్పాడు: “మరణం గిరణం ఏం లేదు బేటా. కొండ మీద ఒక లారీ వచ్చింది. ఇద్దరూ ఎక్కి పోయిండ్రు. పొగమంచుల కనపడ్తలేరు, అంతే.”